తొంభై ఆరు

జహ్రాలో జనవరి చలి
ఎముకల్లో ఉప్పు పోసినట్టుంటుంది.
ముసలావిడ, ఊరందరికీ ఉమ్మ్ ఫవాజ్, నాకు మామా,
ఎడారిలో గుడారాలేసే వారం దగ్గరపడిందని
మెడచుట్టూ వేలితో గిరిగీసి చూపించింది.
శాలువా వద్దట, జారిపోతుందట.
కొసలు లేనిది కావాలట.

కొసలు లేనిది!
మొగల్తూరులో అరుగు మీద కూర్చుని
పన్నెండేళ్ళు కొక్కెంతో లేసు అల్లినదాన్ని.
కండె ఏజెంటుది, నమూనా ఏజెంటుది,
చిల్లులొక్కటే మావి.
ఆ చిల్లులకేనే డబ్బులు, అనేది కనకరత్నం పిన్ని
కళ్ళజోడు పైకి తోసుకుంటూ.
ఏ మెడ మీదికి పోయేదో, ఏ బల్ల మీదికి పోయేదో
ఏ రోజూ ఎవరూ చెప్పలేదు.

పక్కింటి ఫిలిప్పీన్ పిల్ల మారిసెల్
చెత్త పడేసే వేళ గోడ మీదుగా అందించింది:
రెండు సూదులు, మధ్యన వంగే తీగ.
శుక్రవారం బజార్లో ఊలుండ అర దీనారు,
ఎండు ఖర్జూరం రంగు.

తొంభై ఆరు కుట్లు ఎక్కించాను.
కలిపేటప్పుడు అన్నీ ఒకే వైపు చూడాలంది మారిసెల్,
ఒక్క మెలి పడిందా, అదిక చివరిదాకా ఉంటుందంది.
పడింది.
ఆరు వరసలయ్యాక గానీ తెలీలేదు.
అక్కడైతే విప్పిన వరసకి కూలి పోయేది.
ఇక్కడ నిద్ర పోయింది, అంతే.

దారం చుట్టు, రెండు కలుపు, మూడు సాదా,
రెండు కలుపు, దారం చుట్టు, ఒకటి సాదా.
ఎనిమిది. ఇలాంటివి పన్నెండు.
వరస మొదలుకి గుర్తుగా పెప్సీ డబ్బా రింగు.
గుండ్రం అంటారు గానీ గుండ్రం కాదిది.
తిరిగి తిరిగి రింగు దగ్గరికే వస్తాను,
వచ్చేసరికి ఒక మెట్టు పైన ఉంటాను.
ఇది నా మూడో అకామా.

లేసులో ప్రాణం పోకుండా
పది వరసలకోసారి వేరే దారం గుచ్చి వదలాలట.
వేరే దారం నాకెక్కడిది?
మేడమ్ బాత్రూంలో
పళ్ళసందులు తోముకునే దారం ఉంది:
తెల్లగా, మైనంతో, పుదీనా వాసనతో.
రెండు మూరలు తెంపాను.
అది దొంగతనమా అని
ఆ రాత్రి ప్రార్థనలో అడగలేదు.

మధ్యాహ్నాలు మామా తస్బీ తిప్పుతుంది.
పెదాల మీద ఆవిడ లెక్క,
పెదాల మీదే నా లెక్క.
ముప్ఫై మూడు అని ఆవిడ ఊపిరి వదిలినప్పుడు
నేనూ వదిలాను.
రింగు దగ్గరికొచ్చి చూస్తే తొంభై ఐదు.
మళ్ళీ లెక్కపెట్టాను. తొంభై ఐదు.
ఎక్కడో ఒక చిల్లు వేయడం మరిచాను.
లేని చిల్లుని వెతకడం ఎంత కష్టమో
చిల్లుల పని చేసినవాళ్ళకే తెలుసు.

సూదులు లాగేసి
దారం పట్టుకుని పరపరా విప్పాను.
ఏడు వరసలు ఒళ్ళో ఉంగరాలు చుట్టుకున్నాయి.
పుదీనా దారం దగ్గరికొచ్చి ఆగింది.
తొంభై ఆరూ అక్కడే ఉన్నాయి,
హాజరు పిలిస్తే చేతులెత్తే పిల్లల్లా.

గుడారంలో మొదటి రాత్రి.
మగవాళ్ళు జనరేటరు దగ్గర,
మేడమ్ ఫోనులో.
మామా తల దూర్చి మెడలోకి లాక్కుంది.
లాంతరు వెలుతురు చిల్లుల్లోంచి
ఆవిడ గవద మీద చుక్కలు చుక్కలుగా పడింది.
ఒక మెడ చూశాను.
నా లేసు ఎక్కిన మెడని చూడడం అదే మొదలు.

వాసన పీల్చింది.
"నఅనా?" అంది.
నా గుండె గొంతులోకొచ్చింది.
దారం! తీయడం మరిచాను.
ఆవిడ వేలు అప్పటికే వెతికేసింది,
కొస పట్టి మెల్లగా లాగింది,
లాంతరు ముందు పెట్టి చూసింది,
గుడారం అవతల కోడలి వైపు చూసింది.
ఉన్న నాలుగు పళ్ళూ చూపించి
చప్పుడు లేకుండా నవ్వింది.

ఆ దారాన్ని వేలికి చుట్టి ఉండచేసి
నా జేబులో వేసి,
"రూత్, చాయ్" అంది గట్టిగా,
అందరికీ వినబడేలా.